బాయికాడి రాత్రి హాజరు పట్టీ: ఎనిమిది సెల్లుల ట్రైల్ కెమెరా ఎట్లుంది?

పల్లిచేను ఓ మూల తెల్లారేసరికి నాగలి పెట్టినట్టు తిరగబడి ఉంటుంది. అడవిపంది అని ఒకరంటారు, ఏదుపంది అని ఇంకొకరు, కాదు ఊరకుక్కలే ఎలుకల కోసం తవ్వినయని మూడో ఆయన. ఈ పంచాయితీ తెంపడానికి చెట్టుకు కట్టే ఆకుపచ్చ డబ్బా ఒకటి ఆన్‌లైన్‌లో ఐదు నుంచి ఏడు వేల మధ్య దొరుకుతోంది. ట్రైల్ కెమెరా అంటారు. నాలుగైదు పేర్లతో అమ్ముతున్నా సరుకు దాదాపు ఒకటే. ముందువైపు చిన్న కన్ను, దాని కింద తెల్లటి ఉబ్బెత్తు ప్లాస్టిక్ బిళ్ల, పైన ఎల్ఈడీల వరుసలు. తలుపు తీస్తే రెండంగుళాల తెర, ఎనిమిది పెన్సిల్ సెల్లుల గూడు.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు సుఖం. రాత్రిపూట బాగా పనిచేస్తుంది. వానలు మొదలైనప్పటి నుంచి శివరాత్రి దాకా పగలు కూడా బాగుంటుంది. ఎండకాలం పగలు మాత్రం సగం గుడ్డిది. ఇందులో ఏ కంపెనీ తప్పూ లేదు, యంత్రం నడిచే తీరే అంత.

ఆ తెల్ల బిళ్ల వెనక ఉన్న సెన్సర్ కదలికను చూడదు, వేడిలో తేడాను చూస్తుంది. చలికాలం రాత్రి చల్లబడిన నేల ముందు వెచ్చటి పంది నడిస్తే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, కెమెరా లేస్తుంది. అదే మే నెలలో నల్లగొండ ఎండ 43, 44 డిగ్రీలు దాటిన రోజున చెల్క నేల, బండలు, గోడలు జంతువు ఒంటి వేడికి దగ్గరగా కాగి, తేడా చెరిగిపోతుంది. నెమలి నాలుగు గజాల దూరంలో నీళ్లు తాగి పోయినా మెమరీ కార్డులో ఏమీ ఉండదు. పైగా వడగాలికి ఊగే ఎండుగడ్డి నీడ ముందు వేడిముద్దలాగ కనబడి, వందల కొద్దీ ఖాళీ ఫొటోలు తీయిస్తుంది. మెనూలో సెన్సిటివిటీ అని ఉంటుంది. ఎండకాలం దాన్ని హైలో, చలికాలం రాత్రుల్లో మీడియంలో పెడితే కొంత మేలు. చాలామంది దీన్ని తలకిందులుగా పెట్టి, కెమెరా పాడైందని వాపసు పంపుతారు.

ఇదే కారణంగా పాముల కోసం దీన్ని కొనడం దండగ. నాగుపాము, రక్తపింజరి ఒంటివేడి చుట్టూ ఉన్న నేలవేడితో పాటే పోతుంది కాబట్టి గడప ముందు నుంచి పాకిపోయినా ఇది లేవదు. ఉడుము సంగతీ దాదాపు అంతే, ఎండ కాచుకుని వచ్చినప్పుడు తప్ప. నిమిషానికో ఫొటో తీసే టైమ్‌లాప్స్ పెట్టుకోవచ్చు గానీ మర్నాడు వెయ్యి ఫొటోలు తిరగేసే ఓపిక ఉండాలి.

ఇక డబ్బా మీది అంకెలు. 24 మెగాపిక్సెల్ అని పెద్దక్షరాల్లో ఉంటుంది. ఫొటో తీసే లోపలి సెన్సర్‌కు అంత లేదు, చిన్న ఫొటోను సాఫ్ట్‌వేర్ సాగదీస్తుంది. ఒకే ముంగిసను 24లో ఒకసారి, 5లో ఒకసారి తీసి కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి తోక దగ్గర పెద్దది చేసి చూడండి. వెంట్రుకలు రెండింట్లోనూ ఒకే తీరుగా మసక. తేడా ఒక్కటే, మొదటిది కార్డులో రెండింతలకు పైగా చోటు తింటుంది. 5లో లేదా 8లో పెట్టుకుంటే చాలు. '25 మీటర్ల రేంజ్' అన్నది గుంపుగా వచ్చే పశువులకు చెల్లుతుందేమో. చెవులపిల్లికి, అంటే కుందేలుకు, ఏడెనిమిది మీటర్లు దాటితే ఆశ పెట్టుకోవద్దు. 0.2 సెకన్లలో ఫొటో అన్న మాట కూడా రాత్రిపూట నిలబడదు. సెకను దాకా పడుతుంది, అడ్డంగా ఉరికే జంతువైతే తోక ఒక్కటే దొరుకుతుంది.

కొనేముందు నిజంగా చూడాల్సిన అంకె ఎల్ఈడీల నానోమీటర్లు, అంటే వాటి వెలుతురు తరంగం పొడవు. 850 అని ఉంటే ఎక్కువ దూరం వెలుతురు పడుతుంది గానీ చీకట్లో ఎర్రగా మినుకుమంటుంది. పందులు ఒక్కోసారి ఆగి తేరిపార చూస్తాయి, దొంగచూపు మనుషులకైతే అక్కడ కెమెరా ఉందని ఇట్టే తెలిసిపోతుంది. 940 కంటికి కనబడదు, కాకపోతే వెలుతురు తక్కువ, బొమ్మలో ఇసుక చల్లినట్టు గింజ ఎక్కువ. పెరడుకు, బాయికాడికి 940 మేలు. రాత్రి బొమ్మ ఎందులోనైనా నలుపు తెలుపే. రంగులు రావడం లేదని ఒక్క చుక్క ఇచ్చిన రివ్యూలు చూస్తే నవ్వొస్తుంది.

కట్టడంలోనే ఉంది పనంతా. వేపచెట్టుకు, తుమ్మచెట్టుకు కడితే గాలికి కొమ్మ ఊగినప్పుడల్లా కెమెరా తన ఊపుకు తానే ఉలిక్కిపడి ఫొటోలు తీస్తుంది. దక్షిణ తెలంగాణలో చేను చుట్టూ పాతే రాతి కడీలకు మించిన స్టాండు లేదు. పట్టీ జారకుండా రాయికి, కెమెరాకు నడుమ పాత సైకిల్ ట్యూబు ముక్క ఒకటి పెట్టాలి. ఎత్తు మోకాలి మట్టం, అంటే నేల నుంచి 45 నుంచి 60 సెంటీమీటర్లు. చెవులపిల్లి, ముంగిస, కౌజుపిట్టలే కావాలంటే ఇంకో 15 తగ్గించవచ్చు. మనిషి ఛాతీ ఎత్తులో కట్టి కిందికి వంచితే సెన్సర్ చూపు నేలలోకి గుచ్చుకుని, దూరంగా వచ్చేవన్నీ తప్పిపోతాయి.

ముఖం ఉత్తరానికి పెట్టాలి. తూర్పు, పడమరలకు పెడితే జంతువులు ఎక్కువగా తిరిగే పొద్దుటి, సాయంత్రపు వేళల్లోనే ఎండ నేరుగా కంట్లో పడుతుంది. జంతువుల బాటకు ఎదురుగా గానీ, పూర్తిగా అడ్డంగా గానీ కాక, వాలుగా 45 డిగ్రీల్లో చూసేట్టు కట్టాలి. ఎదురుగా నడిచొచ్చే జంతువును సెన్సర్ ఆలస్యంగా పట్టుకుంటుంది, అడ్డంగా పోయేది కెమెరా లేచేలోపే చట్రం దాటేస్తుంది. వాలుగా ఉంటే రెండు బాధలూ తగ్గుతాయి. బాటకు, కెమెరాకు దూరం 3 నుంచి 5 మీటర్లు. రెండు మీటర్ల లోపలికి వస్తే రాత్రి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబారుతుంది, మీటరున్నర లోపలైతే ఫోకస్ కూడా కుదరదు. అందుకే తేనెపిట్టల మీద మోజున్నవాళ్లకు ఇది పనికిరాదు. కట్టాక టెస్ట్ మోడ్‌లో పెట్టి, ముందర చేతులూ మోకాళ్ల మీద పాకి చూసుకోవాలి. నడిచి చూస్తే ఏ కెమెరా అయినా పట్టుకుంటుంది, పాకినప్పుడు ఎర్ర దీపం వెలిగితేనే లెక్క. ఇరుగుపొరుగు చూసి నవ్వినా ఈ పని తప్పదు.

కెమెరా ముందు రెండు మీటర్ల మేర గడ్డి చెక్కేయాలి. వారానికోసారి కంటి ముందు సాలెగూడు తుడవాలి, లేకపోతే రాత్రి ఫొటో అంతా పాలు ఒలికినట్టు తెల్లగా వస్తుంది. చీమలు తలుపు సందులోంచి లోపలికి చేరి గుడ్లు పెడతాయి. కెమెరాకు పైనా కిందా కడీ చుట్టూ రెండు వేళ్ల వెడల్పున గ్రీజు రాస్తే రావు. వానకాలంలో తలుపు రబ్బరు మీద గడ్డిపోచ ఒక్కటి ఇరుక్కున్నా నీళ్లు దిగుతాయి, కార్డు మార్చిన ప్రతిసారీ వేలితో తడిమి మూయాలి. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా పొట్లం ఒకటి లోపల పడేస్తే కంటికి ఆవిరి పట్టదు. కోతులున్న చోట గుడ్డపట్టీ రెండు రోజులే. ఇనప తీగ, చిన్న తాళం కావాల్సిందే.

సెల్లుల దగ్గరే డబ్బు ఖర్చు, తలనొప్పి రెండూ. మామూలు ఆల్కలైన్ సెల్లు పొద్దున నిండుగా చూపించి, వోల్టేజి కొంచెం దిగగానే రాత్రి ఎల్ఈడీలను వెలిగించలేక చతికిలబడుతుంది. పగటి ఫొటోలు బాగా వచ్చి రాత్రివి నల్లగా వస్తుంటే నూటికి తొంభై పాళ్లు సెల్లులదే తప్పు. రీఛార్జి చేసుకునే 2,000 ఎంఏహెచ్ నికెల్ సెల్లులు ఎనిమిది, మంచి ఛార్జరు కొనుక్కుంటే మొదట్లో బరువనిపించినా ఏడాదిలో గిట్టుబాటు అవుతుంది. కాకపోతే ఇవి సెల్లుకు 1.2 వోల్టులే కాబట్టి నిండా ఛార్జి చేసినా కొన్ని కెమెరాల్లో సగమే చూపిస్తుంది, కంగారు పడనక్కర్లేదు. పాతవీ కొత్తవీ కలిపి వేయొద్దు, బలహీనమైనది కారి గూడులోని స్ప్రింగులను పచ్చగా తినేస్తుంది. వీడియో మోజు ఉంటే ఒకటి గుర్తుంచుకోవాలి. రాత్రి పది సెకన్ల వీడియో అంటే పది సెకన్లూ ఎల్ఈడీలు వెలగాల్సిందే. ఫొటోలతో నెలకు పైగా వచ్చే సెల్లులు వీడియోతో వారం పది రోజుల్లో అడుగంటుతాయి. ఒకసారికి మూడు ఫొటోలు, నడుమ 30 సెకన్ల విరామం, ఇది చాలు.

అడుగున బయటి కరెంటుకు ఒక చిన్న రంధ్రం ఉంటుంది. ఇంట్లో మందుకొట్టే పంపు బ్యాటరీ ఊరికే పడి ఉంది కదా అని దాన్ని తగిలించే ముందు, రంధ్రం పక్కన రాసింది చదవండి. పంపుది 12 వోల్టులు. చాలా కెమెరాలకు 6 వోల్టులే. ఒక్క క్షణంలో బోర్డు మాడుతుంది, దానికి వారంటీ వర్తించదు.

కార్డు 32 జీబీ, క్లాస్ 10 తీసుకుని కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి. సెల్లులు తీసిన ప్రతిసారీ తేదీ, టైము చూసుకోవాలి. ఏఎం, పీఎం తారుమారైతే రాత్రి రెండింటికి వచ్చిన పంది మిట్టమధ్యాహ్నం వచ్చినట్టు చూపిస్తుంది, కాపలా అంతా వృథా. ఫొటో అడుగున పడే ఉష్ణోగ్రత డబ్బా లోపలిది, ఊరిది కాదు. ఎండ తగిలే చోట 50 దాటి చూపిస్తే ఆశ్చర్యపోవద్దు.

ఇంత తంటాకు దొరికేదేమిటి? పల్లి పాలమూరు వైపు యాసంగి పంట కాబట్టి, గింజ పట్టే డిసెంబరు, జనవరి చలిరాత్రులు కెమెరాకు అన్నిటికంటే కలిసొచ్చే కాలం. చేను గట్టున ఒక్క వారం పెడితే పంచాయితీ తేలిపోతుంది. మొదటి ఫొటోలో ఆడపంది మూతి మట్టిలో, చెవులు వెనక్కి. రెండోదాంట్లో దాని కడుపు కింద ఒంటి పొడవునా చారలున్న పిల్లలు నాలుగు, ఒకదాని నోట్లో వేళ్లతో సహా పల్లిచెట్టు వేలాడుతూ. మూడోదాంట్లో తిరగేసిన మట్టి, చట్రం అంచున ఒక వెనక కాలు. వచ్చిన టైము కూడా ఫొటో మీదే ఉంటుంది కాబట్టి, రాత్రంతా మంచె మీద జాగారం చేసేకంటే వరసగా వారం ఫొటోలు చూసుకుని ఆ వేళకు పోవచ్చు. ఏదుపంది అయితే వీపు మీది ముళ్లు రాత్రి వెలుతురుకు తెల్లగా మెరుస్తాయి, పొరపాటు పడే పనే లేదు.

పొరపాటు పడేది పిల్లుల దగ్గర. జంగపిల్లికి కాళ్లు పొడుగు, తోక పొట్టి, చివర నల్ల పట్టీలు, చెవుల కొసన చిన్న కుచ్చు. ఊరిపిల్లి తోక నేల దాకా దిగుతుంది. పునుగుపిల్లికి తోకంతా కట్లు కట్లుగా ఉంటుంది, తాటిచెట్లు ఎక్కే మానుపిల్లి తోక ఒకటే నలుపు. గుంటనక్క తోక కొస నల్లగా కుంచె ముంచినట్టు ఉంటుంది. మక్తల్ వైపు కృష్ణ ఒడ్డున కృష్ణజింకల బాధ ఉన్నవాళ్లకు ఈ కెమెరాతో పెద్ద లాభం లేదు, అవి పగలే మందగా వస్తాయి, కంటికే కనబడతాయి.

పంట గొడవ లేని పెరట్లో అయితే నీళ్లే ఎర. రెండంగుళాల లోతున్న మట్టి మూకుడు, నడుమ పిట్టలు వాలడానికి ఒక రాయి, రోజూ మార్చిన నీళ్లు. మూకుడుకు మూడు మీటర్ల దూరంలో కెమెరా. అక్టోబరు పొద్దుల్లో పాలపిట్ట, జెముడుకాకి, కౌజులు, ఉడుతలు వంతులేసుకుని వస్తాయి. ముంగిస ముందు కాళ్లు మూకుడు అంచున పెట్టి, తాగే ముందు కెమెరా వైపు ఒకసారి తల ఎత్తుతుంది. ఆ ఒక్క ఫొటోకే పెట్టిన డబ్బు వచ్చిందనిపిస్తుంది.

వైఫై ఉన్న రకానికి వెయ్యి రెండు వేలు ఎక్కువ. కెమెరాకు పది పదిహేను మీటర్ల లోపు నిలబడితేనే ఫోన్‌కు ఫొటోలు వస్తాయి. చెట్టెక్కే పని లేనప్పుడు దానికి అంత పెట్టడం అనవసరం. సిమ్ పెట్టేది చాలా ఖరీదు, బాయికాడ సిగ్నల్ సరిగ్గా లేకపోతే వెతుక్కుంటూనే సెల్లులు తాగేస్తుంది.

సొంత పట్టాలో ఎక్కడైనా కట్టుకోవచ్చు. అమ్రాబాద్ వైపు చేను పక్కనే అడవి ఉన్నవాళ్లు హద్దు దాటి కట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఫొటోలో బాట తెలిసింది కదా అని ఉచ్చు పెడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు, మోటరు కరెంటును తీగకు వదిలితే ముందు పోయేది పక్క చేను మనిషో, మన బర్రెనో. కెమెరా చూపు పక్కవాళ్ల బాయి మీద, ఆడవాళ్లు తిరిగే దారి మీద పడకుండా చూసుకోవడం మర్యాద.

పార్సిల్ వచ్చిన రాత్రే, వాపసు గడువు ఉండగానే ఒక పరీక్ష చేయండి. కొట్టంలో దీపాలన్నీ ఆర్పి, నల్ల బర్రెకు ఐదు మీటర్ల దూరంలో గుంజకు కెమెరా కట్టి పడుకోండి. నల్లటి ఒంటిని చీకట్లో చూపించడం కంటే కష్టమైన పని దీనికి ఇంకొకటి లేదు. పొద్దున ఫొటోల్లో బర్రె కొమ్ముల నుంచి తోక దాకా తెలుస్తుంటే ఉంచుకోండి. నడుమ తెల్లటి గుండ్రం, చుట్టూ మసి మాత్రమే ఉంటే, సెల్లులు మార్చి ఇంకో రాత్రి చూసి, మళ్లీ అంతే అయితే అదే డబ్బాలో పెట్టి పంపేయండి.