పురస్కారాల సభా, పోస్టర్ల ప్రదర్శనా, మూడు నిమిషాల పోటీయా: విశ్వవిద్యాలయ పరిశోధనకు ఏ వేడుక మేలు?

విశ్వవిద్యాలయాల్లో పరిశోధన కమిటీల బాధ్యత కొత్తగా తీసుకున్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఒక్క రోజు, ఒక్క హాలు, అరకొర నిధులు మాత్రమే చేతిలో ఉన్నప్పుడు, ఆ ఏడాది జరిగిన పరిశోధనను నలుగురికీ చూపి అభినందించుకోవడానికి పురస్కారాల సభ పెట్టాలా, ఎవరి పరిశోధన సారాంశాన్ని వారు పెద్ద కాగితం మీద తగిలించి పక్కన నిలబడి వివరించే పోస్టర్ల ప్రదర్శన పెట్టాలా, లేక ఈమధ్య చాలాచోట్ల కనిపిస్తున్న మూడు నిమిషాల థీసిస్ పోటీ పెట్టాలా? మూడూ చేయగల స్తోమత ఉన్నవారికి ఈ చిక్కు లేదు. అటువంటి కమిటీలో ఆరేళ్లు పనిచేసి, మూడింటినీ వేర్వేరు ఏళ్లలో నిర్వహించి, గత విడతలో పురస్కారాల సభను బాగా కుదించి ఆ సమయాన్ని పోస్టర్లకు కేటాయించిన వాడిని కనుక, నా మొగ్గు ఎటో దాచడం కుదరదు. అయినా మిగతా రెండింటి పక్షాన చెప్పవలసిన మంచిని ముందు చెప్పడమే న్యాయం.

పురస్కారాల సభకు ఉన్న బలం దాని గౌరవమే. వేదిక మీద వైస్ ఛాన్సలర్ ఉంటారు, హాల్లో కుటుంబసభ్యులు ఉంటారు, జ్ఞాపిక ఇంటికి వెళుతుంది, ఫొటో మిగులుతుంది. ఏళ్ల తరబడి ఒకే సమస్య పట్టుకుని కూర్చున్న అధ్యాపకుడికి, తన శాఖ బయట కూడా తన పేరు పలికారన్న తృప్తి చిన్నదేమీ కాదు. నిర్వహణ కూడా తేలిక: ఒక జాబితా, ఒక వేదిక, రెండు గంటల సమయం చాలు. అయితే చిక్కంతా ఆ జాబితా దగ్గరే మొదలవుతుంది. వేర్వేరు శాఖల పనిని ఒకే తక్కెడలో తూచాలంటే కమిటీ చేతికి సులువుగా దొరికేవి వ్యాసాల సంఖ్య, సైటేషన్లు (ఆ వ్యాసాలను ఇతరులు ఎన్నిసార్లు ఉటంకించారన్న లెక్క), పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ పత్రికలోని వ్యాసాలకు సగటున వచ్చే సైటేషన్లు). గ్రంథాలయాలు ఏ పత్రికలు కొనుక్కోవాలో తేల్చుకోవడానికి తోడ్పడే సాధనంగా వచ్చిన ఆ చివరి అంకె క్రమంగా మనుషులను తూచే రాయిగా మారింది. 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో కణజీవశాస్త్రజ్ఞుల సమావేశం సందర్భంగా రూపుదిద్దుకున్న, పరిశోధనను ఎలా అంచనా వేయాలో చెప్పే డోరా ప్రకటన, ఒక వ్యక్తి పనిని అంచనా వేయడానికి పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను వాడవద్దని స్పష్టంగా చెప్పింది. అయినా జాబితాలు తయారయ్యే తీరు చాలాచోట్ల మారలేదు. గణితంలో వ్యాసాలు తక్కువ, సైటేషన్లు నిదానంగా వస్తాయి. చరిత్రలో ఎనిమిదేళ్ల శ్రమ ఒక్క పుస్తకంగా తేలుతుంది. కాబట్టి ఏటా అవే రెండు మూడు శాఖలు వేదిక ఎక్కుతాయి. ఇప్పటికే పేరున్నవారికే మరింత పేరు చేరే ఈ ధోరణికి సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే మాథ్యూ ప్రభావం అని పేరు పెట్టాడు. పురస్కారాల సభ దానికి ఏటా చేయించే రెన్యువల్ లాంటిది.

జ్ఞాపికకు బదులు నగదు ఇస్తే పరిశోధన పెరుగుతుందని నమ్మేవారు చైనా అనుభవాన్ని ఒకసారి చూడాలి. అక్కడి విశ్వవిద్యాలయాలు నేచర్, సైన్స్ పత్రికల్లో ఒక్క వ్యాసం వేసినందుకు 2016 నాటికి సగటున దాదాపు 44 వేల డాలర్ల బహుమతి ఇచ్చేవి. చివరికి 2020లో అక్కడి ప్రభుత్వమే వ్యాసాలకు నగదు బహుమతులు ఆపమని విశ్వవిద్యాలయాలకు చెప్పవలసి వచ్చింది. అంకెకు బహుమతి కడితే పెరిగేది అంకే.

నేను నిర్వహించిన ఒక సభ నాకు ఇప్పటికీ గుర్తుంది. నలభైమందికి పైగా పేర్లు చదవాలి. ఒక్కొక్కరు లేచి, మెట్లెక్కి, ప్రశంసాపత్రం అందుకుని, కెమెరా వైపు తిరిగి దిగడానికి నిమిషంన్నర పట్టింది. అందుకున్నవారు అందుకున్నట్టే వెనక తలుపు గుండా వెళ్లిపోవడంతో, జాబితా చివరకు వచ్చేసరికి ముందు వరుసలు ఖాళీ అయ్యాయి. ఒక రసాయనశాస్త్ర వ్యాసం శీర్షికను వ్యాఖ్యాత సగం చదివి, నాలుక తిరగక, 'తదితర అంశాలపై' అని ముగించారు. ఆ రెండు గంటల్లో ఏ ఒక్కరూ ఎవరినీ 'మీరు కనిపెట్టింది ఏమిటి?' అని అడగలేదు. సభ విజయవంతంగా జరిగిందని మినిట్స్‌లో నేనే రాశాను.

నా తూకమంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది. పరిశోధనను అభినందించే వేడుకలో, ఆ పని చేసిన మనిషిని ఇంకొకరు ప్రశ్న అడిగే వీలు ఉందా లేదా? అర్థం కాని పనికి కొట్టే చప్పట్లు మర్యాదకు కొట్టేవే. ఈ మాట కొత్తదేమీ కాదు, పాత విశ్వవిద్యాలయాలు తమ వేడుకలను ప్రశ్న చుట్టూనే అల్లుకున్నాయి. స్వీడన్‌లో డాక్టరేట్ అభ్యర్థి తన సిద్ధాంత గ్రంథాన్ని బహిరంగ పరీక్షకు సుమారు మూడు వారాల ముందే సుత్తి పట్టుకుని మేకుతో గోడకో చెక్కకో కొడతాడు. ఎవరైనా చదివి, వచ్చి, అడగవచ్చునని దాని అర్థం. మేకు కొట్టేటప్పుడు మిత్రులు చుట్టూ చేరడం, తరువాత విందు చేసుకోవడం అన్నీ ఉంటాయి. నెదర్లాండ్స్‌లో ఆచార్యుల ప్రశ్నలకు అభ్యర్థి బహిరంగంగా జవాబులు చెబుతుండగా, దండం పట్టుకున్న అధికారి లోపలికి వచ్చి సమయం అయిపోయిందని లాటిన్‌లో 'హోరా ఎస్ట్' అంటాడు, పట్టా చేతికి వచ్చేది ఆ తరువాతే. మనం ప్రశ్నను తీసేసి వేడుకను మాత్రం ఉంచుకున్నాం.

ఈ గీటురాయి మీద పోస్టర్ల ప్రదర్శన బాగా నిలబడుతుంది. 1970లలో పెద్ద శాస్త్ర సమావేశాలకు వచ్చే వ్యాసాల సంఖ్య ఉపన్యాస మందిరాలకు మించిపోయినప్పుడు ఊపందుకున్న పద్ధతి ఇది. పుట్టుక స్థలాభావంతోనే అయినా, దానివల్ల దొరికిన లాభం వేరు. వేదిక లేదు, మైకు లేదు, చూసేవారికీ చేసినవారికీ మధ్య ఉన్న దూరం రెండడుగులు. గత విడతలో జరిగిన ఒక సంగతి చెబుతాను. కాంక్రీటులో పగుళ్లను ఫొటోల ద్వారా కొలిచే పద్ధతి మీద పనిచేస్తున్న ఒక పరిశోధక విద్యార్థిని తన పోస్టరు పక్కన నిలబడి ఉంది. దంతవైద్య విభాగం నుంచి వచ్చిన ఒక ఆచార్యురాలు వెళుతూ వెళుతూ ఆగి, కళ్లద్దాలు పైకి జరుపుకుని, ఒక ఫొటోను దగ్గరగా చూసి, "ఇది ఏ వెలుతురులో తీశావమ్మా?" అని అడిగారు. "పక్క నుంచి లైటు పెట్టి తీశాం మేడమ్. ఎదురుగా పెడితే సన్న పగులు కనబడదు" అంది ఆ అమ్మాయి. "పంటి మీద పగులు కోసం మేమూ పక్క నుంచే లైటు వేస్తాం. కానీ మీరు కొలుస్తున్నారు, మేం చూసి చెబుతున్నాం, అంతే" అన్నారామె. ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు. మరుసటి వారం ఆ అమ్మాయి వాళ్ల ల్యాబ్‌కు వెళ్లింది. అదే అమ్మాయికి అంతకుముందు ఏడాది సభలో ప్రశంసాపత్రం కూడా ఇచ్చాం, అప్పుడు ఆ ఆచార్యురాలు మూడో వరుసలోనే కూర్చున్నారు.

పోస్టర్లతో బాధలు లేవని కాదు. మొదటి బాధ, వ్యాసం మొత్తాన్ని చిన్న అక్షరాల్లో కుదించి అతికించడం. నాలుగడుగుల దూరం నుంచి చదవలేని పోస్టరు దగ్గర ఎవరూ ఆగరు. మైక్ మారిసన్ అనే మనస్తత్వశాస్త్ర పరిశోధక విద్యార్థి 2019లో దీనికి ఒక మార్గం చూపాడు: తేలిన విషయాన్ని ఒకే వాక్యంలో, మామూలు మాటల్లో, నడుమ పెద్ద అక్షరాలతో రాయాలి, వివరాలు పక్క పట్టీల్లో పెట్టాలి, పూర్తి వ్యాసానికి క్యూఆర్ కోడ్ ఇవ్వాలి. అందం మాట ఎలా ఉన్నా, ఆ ఒక్క వాక్యం రాయించడం కోసమైనా ఈ నమూనాను నేను సమర్థిస్తాను. తాము కనిపెట్టినదేమిటో ఒక్క వాక్యంలో చెప్పలేక గైడూ విద్యార్థీ ఒకరి మొహం ఒకరు చూసుకున్న సందర్భాలు నాకు తెలుసు. రెండో బాధ, పోస్టరు దగ్గరే నిలబడవలసినవారు ఇతరుల పోస్టర్లు చూడలేకపోవడం. ప్రదర్శనను రెండు విడతలుగా చేసి, సగంమంది నిలబడితే సగంమంది తిరిగే ఏర్పాటు చేస్తే ఇది తీరుతుంది. మూడోది అన్నిటికన్నా బాధాకరమైనది. ఒక మూల పోస్టరు దగ్గర ఒక విద్యార్థి మూడు గంటలు ఒంటరిగా నిలబడి, ఎవరూ రాక, చివరికి ఫోను చూసుకుంటూ ఉండిపోవడం. సభలో అయితే కనీసం చప్పట్లయినా దక్కేవి. మేము చేసిందేమంటే, ప్రతి అధ్యాపకుడూ తన శాఖకు చెందని మూడు పోస్టర్లు చూసి, ఒక్కోదానికి ఒక ప్రశ్న చీటీ మీద రాసి అక్కడి డబ్బాలో వేయాలన్న నియమం పెట్టడం. కొందరు విసుక్కున్నారు. కొందరు 'బాగుంది' అని రాసి వేశారు, అది ప్రశ్న కాదని తిప్పి పంపాం.

మానవీయ శాస్త్రాల వారి అభ్యంతరంలో మాత్రం నిజం ఉంది. ఒక కావ్య పాఠపరిష్కరణను, ఒక న్యాయసూత్ర చర్చను గ్రాఫులూ బొమ్మలతో చెప్పడం ఇబ్బందే. వారికి గోడకు బదులు బల్లలు ఇచ్చాం. రాతప్రతి పుట నకలు ఒకటి, దాని రెండు పాఠాంతరాలు పక్కపక్కన పెట్టి, ఏ పాఠం సరైనదో మీరే చెప్పండని అడిగిన బల్ల దగ్గర ఇంజనీరింగ్ వారే ఎక్కువసేపు నిలబడ్డారు. అయినా ఇది పూర్తి పరిష్కారమని చెప్పలేను.

పోస్టరు వల్ల ఇంకొక మేలు, ఎవరు ఏ పని చేశారో చూపే వీలు. పరిశోధనలో పాత్రలను 14 రకాలుగా విడదీసే క్రెడిట్ అనే వర్గీకరణను చాలా పత్రికలు ఇప్పుడు వాడుతున్నాయి. దాని ప్రకారం పోస్టరు అడుగున పరికరాలు నడిపిన సాంకేతిక సిబ్బంది పేరు, గణాంకాలు చూసిన సహచరుడి పేరు కూడా రాయించవచ్చు. వేదిక మీదకు పిలిచేది ఒక్కరినే.

ఇక మూడు నిమిషాల పోటీ. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 2008లో మొదలైంది. కరువు రోజుల్లో నీటి పొదుపు కోసం స్నానాన్ని మూడు నిమిషాల్లో ముగించేలా అక్కడివారు వాడిన ఇసుక గడియారం నుంచి ఈ ఆలోచన పుట్టిందని చెబుతారు. డాక్టరేట్ విద్యార్థి మూడు నిమిషాలు మించకుండా, కదలని ఒకే ఒక్క స్లైడుతో, ఇతర సామగ్రి ఏదీ లేకుండా తన పని సామాన్య శ్రోతకు చెప్పాలి. దీని మేలు నేను కళ్లారా చూశాను. పరిభాష వెనక దాక్కునే అలవాటు వదిలించడానికి ఇంతకు మించిన కసరత్తు లేదు, శ్రోతలు కూడా ఉల్లాసంగా వింటారు, పోస్టర్ల హాల్లో రెండున్నర గంటల తరువాత కనబడే నీరసం ఇక్కడ ఉండదు. ఒక శాఖలో ఏమి జరుగుతోందో గంటలో తెలుసుకోవాలనుకునే పాలకవర్గ సభ్యులకు ఇదే నచ్చుతుంది, అందులో తప్పు లేదు.

కానీ గంట మోగగానే వక్త దిగిపోతాడు. ప్రశ్నకు చోటు లేదు. న్యాయనిర్ణేతలు తూచేది అర్థమయ్యేలా, ఆకట్టుకునేలా చెప్పడాన్ని. చెప్పినదాంట్లో ఎంత నిజముందో అడిగే సమయం వారికి లేదు. అందుకే మూడో నిమిషం చివర్లో ప్రతి పరిశోధనా ఏదో ఒక జబ్బును నయం చేస్తుంది, ఏదో ఒక కొరతను తీరుస్తుంది. ఫలితం రాని ప్రయోగం గురించి చెప్పి ఈ పోటీలో గెలిచినవారిని నేను చూడలేదు, పోస్టరు దగ్గర మాత్రం అటువంటి ప్రయోగం చుట్టూనే మంచి చర్చ జరగడం చూశాను. పైగా సభాకంపం ఉన్నవారు, పోటీ జరిగే భాష ఇంట్లో మాట్లాడనివారు తొలి వడపోతలోనే వెనకబడతారు. శిక్షణగా దీనికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఏడాది పొడవునా శాఖల స్థాయిలో జరపమంటాను. విశ్వవిద్యాలయం తన పరిశోధన మొత్తాన్ని చూపుకునే ఒకే ఒక్క రోజును మాత్రం దీనికి ఇవ్వను.

వార్తాలేఖలు, సామాజిక మాధ్యమాల్లో అభినందన పోస్టులు, ప్రవేశద్వారం దగ్గర తెర మీద తిరిగే ఫొటోలు ఎలాగూ ఉంటాయి, ఉండనివ్వండి. వాటిలో పేరు, ఫొటోతో పాటు పని గురించి రెండు వాక్యాలు ఉంటే చాలు. ఐరోపాలో 2005 నుంచి ఏటా సెప్టెంబరులో జరిగే పరిశోధకుల రాత్రి వంటివి బయటి ప్రజల కోసం ఉద్దేశించినవి, ఆ లెక్క వేరు.

ఒక్క రోజే ఉంటే నా పంపకం ఇది: మూడు గంటలు పోస్టర్లకు, చివర ఇరవై నిమిషాలు పురస్కారాలకు. జాబితా చదవడం ఉండదు. అది అచ్చువేసి పంచుతారు. వేదిక మీద ఇచ్చేవి అంకెలకు అందని నాలుగైదు పురస్కారాలే: చీటీల్లో వచ్చిన మంచి ప్రశ్నకు ఒకటి, సాంకేతిక సిబ్బందికి ఒకటి, ఫలితం రాకపోయినా నిజాయితీగా చూపిన ప్రయోగానికి ఒకటి, అలా. పెద్దలను వేదిక మీద కూర్చోబెట్టకపోతే చిన్నబుచ్చుకుంటారని భయపడవద్దు. మా వైస్ ఛాన్సలర్‌ను పోస్టర్ల మధ్య నడవమని అడిగితే గంటన్నర నడిచారు, కుర్చీలో అంతసేపు కూర్చునేవారు కాదేమో.

ఒక్క విషయంలో మాత్రం మెత్తబడకూడదు. శాఖాధిపతులు వచ్చి, మా వాళ్ల పోస్టర్లన్నీ ఒకేచోట పెట్టండి, చూసేవారికి సౌకర్యంగా ఉంటుంది అని అడుగుతారు. మా దగ్గరా అడిగారు, కుదరదన్నాం. దంతవైద్య విభాగం పోస్టరు పక్కన కాంక్రీటు పోస్టరు ఉండటానికి కారణం, వాటిని అందిన వరుసలోనే తగిలించుకుంటూ పోవడమే.