లండన్ వీధుల కింద ఫ్లీట్ నది వెంట నడక

లండన్‌లో నేను చూసినవాటిలో టికెట్ పెట్టి చూసినవి చాలానే ఉన్నాయి. మనసుకు పట్టింది మాత్రం పైసా ఖర్చు లేని ఫ్లీట్ నది దారి. నది పైకి కనిపించదు, మురుగు కాలువగా మార్చి దాని మీద ఊరు కట్టేశారు. పల్లం పట్టుకుని నడిచిపోవడమే.

మొదలు ఉత్తర లండన్‌లోని హాంప్‌స్టెడ్ హీత్ అనే పెద్ద పచ్చిక మైదానం. ఓవర్‌గ్రౌండ్ రైలు దిగితే చెరువులు దగ్గరే. ఒకప్పుడు లండన్‌కు మంచినీళ్ళ కోసం ఫ్లీట్ ఊటలకు కట్టలు వేసి చేసినవి. ఇప్పుడు కొన్నిట్లో జనం ఈత కొడతారు. ఆ నీళ్ళు చూశాక కింద ఈ నదికి పట్టిన గతి తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

కామ్డెన్ మీదుగా కింగ్స్ క్రాస్ దాకా ట్రాఫిక్కే. ఆ ముక్క బస్సులో వెళ్ళినా నష్టం లేదు. కింగ్స్ క్రాస్ స్టేషన్లో టాయిలెట్లు ఉచితం, అక్కడే పని కానిచ్చుకోండి.

బస సంగతి. కింగ్స్ క్రాస్ దగ్గర హోటళ్ళు నడకకు దగ్గరే కానీ అద్దె ఎక్కువ, గది చిన్నది. పిల్లాపాపలతో వెళ్ళేవాళ్ళకు తూర్పు లండన్‌లోని ఈస్ట్ హామ్ మేలు. ఇడ్లీ, దోసె దొరుకుతాయి. అక్కణ్ణుంచి హామర్‌స్మిత్ అండ్ సిటీ లైన్ నేరుగా ఫారింగ్‌డన్ వస్తుంది. ఫారింగ్‌డన్, కింగ్స్ క్రాస్ మధ్య ఆ రైలు వెళ్ళేది 1863లో మొదలైన, ప్రపంచంలోనే తొలి భూగర్భ రైలు దారిలో. అది తవ్వుతుండగా 1862లో ఫ్లీట్ మురుగు కాలువ తెగి పనుల్లోకి ముంచుకొచ్చింది.

అసలు చోటు ఫారింగ్‌డన్ దగ్గర క్లెర్కెన్‌వెల్‌లోని రే స్ట్రీట్. కోచ్ అనే పబ్ ముందు రోడ్డులో ఇనప జాలీ ఉంది. బండ్లు రాని సమయం చూసి వంగి చెవి పెట్టాలి. లోతున నీళ్ళ హోరు! మురుగు వాసనా తగులుతుంది. మురుగే అయినా పారుతోంది. చాలాసేపు లేవబుద్ధి కాలేదు.

అక్కణ్ణుంచి హోబర్న్ వయాడక్ట్ ఎక్కండి. 1869లో తెరిచిన ఈ వంతెన కింద ఇప్పుడు పారేది కార్లు, బస్సులే. కానీ అంత లోతు పల్లం నది కోసినదే. 1666 నాటి లండన్ అగ్నిప్రమాదం తర్వాత వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ ఇక్కడ నదిని వెడల్పు చేసి పడవల కాలువగా మార్చాడు. అది బురదా చెత్తా నిండిపోయింది. 1737లో ఎగువ భాగం కప్పేసి మార్కెట్ పెట్టారు, 1760ల్లో మిగతాదీ మూసేశారు.

చివర బ్లాక్‌ఫ్రైయర్స్ వంతెన కింద నది థేమ్స్‌లో కలిసే తూము. ఆటు సమయంలోనే కనబడుతుంది కాబట్టి ఆటుపోట్ల వేళలు చూసుకునే బయల్దేరండి. పోటు మీద ఉంటే అంత దూరం వెళ్ళడం దండగ. తిరుగు ప్రయాణానికి పక్కనే స్టేషన్ ఉంది. డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే రైలు మారకుండా ఈస్ట్ హామ్‌లో దిగొచ్చు.