ఉద్యోగం మానకుండా కౌన్సెలర్ అవ్వాలంటే ఏ దారి మేలు?

దసరా సెలవుల్లో మా పిన్ని కూతురు గుంటూరు నుంచి ఫోన్ చేసింది. "అక్కా, నేనూ నీలాగే సైకాలజీ పీజీ చేద్దామనుకుంటున్నా. ఉద్యోగం మానకుండా అవుతుందా?" అని అడిగింది. తను బ్రాడీపేటలో ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో బయాలజీ టీచర్. పన్నెండేళ్ల సర్వీసు, ఇద్దరు పిల్లలు, మంచాన ఉన్న మామగారు. నేను విజయవాడలో ఇంటర్ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతూనే దూరవిద్యలో ఎం.ఏ. సైకాలజీ పూర్తి చేశాను. ఇప్పుడు అదే కాలేజీలో పొద్దున పాఠాలు, మధ్యాహ్నం నుంచి కౌన్సెలింగ్. "ఎందుకవదే" అనబోయి ఆగిపోయాను. నేను వెళ్లిన దారి ఇప్పుడు లేదు.

2025 జూలై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి సైకాలజీలో దూరవిద్య ద్వారా గానీ ఆన్‌లైన్‌లో గానీ కొత్తగా ఎవరినీ చేర్చుకోవద్దని యూజీసీ విశ్వవిద్యాలయాలకు చెప్పింది. దీని వెనకున్నది 2021లో వచ్చిన జాతీయ అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం. ఫిజియోథెరపిస్టులతో, ల్యాబ్ టెక్నీషియన్లతో పాటు సైకాలజిస్టుల్నీ, కొన్ని రకాల కౌన్సెలర్లనీ ఆ చట్టం ఆరోగ్య వృత్తుల జాబితాలో చేర్చింది. మనుషుల ఆరోగ్యంతో ముడిపడిన పనిని పోస్టులో వచ్చే పుస్తకాలతో నేర్పకూడదన్నది ఆలోచన. అంతకు ముందు చేరినవాళ్లు కోర్సు పూర్తి చేసుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఇంకా ఆన్‌లైన్ ఎం.ఏ. సైకాలజీ ప్రకటనలు చూసి డబ్బు కట్టేవాళ్లు ఉన్నారు కాబట్టి ముందుగా చెబుతున్నాను. కట్టే ముందు ఆ కోర్సు యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి జాబితాలో ఈ సంవత్సరానికి ఉందో లేదో చూసుకోండి.

ఒకపక్క ఈ తలుపు మూసుకుంటుంటే, మరోపక్క కౌన్సెలర్ల అవసరం పెరుగుతోంది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత కలిగిన కౌన్సెలర్ గానీ, సైకాలజిస్ట్ గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలని అందులో చెప్పింది. పిల్లల, కౌమారుల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందినట్టు చూపించగలగాలని కూడా అంది. విజయవాడ శివార్లలో కానూరు, తాడిగడప, ఎనికేపాడు, నిడమానూరు వైపు వెళ్లి చూడండి. ఒక్కో హాస్టల్ భవనంలో ఎంతమంది పిల్లలుంటారో మన ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. వాళ్లందరికీ కౌన్సెలర్లు ఎక్కణ్నుంచి రావాలి? చాలాచోట్ల ఉన్న టీచర్లలోంచే రావాలి. అందుకే మా చెల్లి ప్రశ్న తన ఒక్కదానిదే అనుకోలేదు.

మొదట నేను చదివిన పద్ధతి గురించే చెబుతాను. ఇప్పుడు ఆ కోర్సు మధ్యలో ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు కదా. దూరవిద్యలో అప్పుడున్న పెద్ద సౌకర్యం ఏ డిగ్రీ చదివినవాళ్లయినా చేరగలగడం. ఇగ్నోలో అయితే ఎం.ఏ. సైకాలజీకి కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లు గడువు. ఇంట్లో పెళ్లొచ్చినా, పిల్లలకు జ్వరమొచ్చినా ఒక పరీక్ష వాయిదా వేసుకోవచ్చు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, ఇంట్లో ఎవరూ లేవకముందే అసైన్‌మెంట్లు చేత్తో రాసిన రోజులు నాకు బాగా గుర్తు. సిద్ధాంతాలు బాగానే వచ్చాయి. ఫ్రాయిడ్ ఏమన్నాడు, కార్ల్ రోజర్స్ ఏమన్నాడు, ఎరిక్సన్ ఎనిమిది దశలేమిటి, అడిగితే గడగడా చెప్పేదాన్ని.

మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు ఏం చేయాలో మాత్రం రాలేదు. ఇంటర్న్‌షిప్ కోసం ఒక క్లినిక్‌కి వెళ్తే, "మేడమ్, మీరు ఉద్యోగం చేసుకుంటున్నారుగా, రోజూ రావడం కష్టం. ఇంత కట్టండి, గంటలన్నీ వేసి సంతకం పెట్టిస్తాం" అన్నారు. ఒప్పుకున్నవాళ్లు నాకు తెలుసు. నేను బయటికి వచ్చేశాను. దానివల్ల ఆర్నెల్లు ఆలస్యమైంది. ఆ ఆలస్యమే నాకు మేలు చేసింది, ఎందుకంటే ఆ వెతుకులాటలోనే గుంటూరులో ఒక పెద్దాయన దొరికారు. ఆసుపత్రిలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా చేసి రిటైరయినాయన. ఆదివారం ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వారధి దాటి వెళ్లేదాన్ని.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. పిల్లలతో మాట్లాడాక, పేరు, ఊరు లేకుండా, గుర్తున్నంతవరకు ఆ సంభాషణ అంతా రాయాలి. పేజీ మధ్యలో నిలువుగా గీత. ఎడమవైపు వాళ్ల మాట, కుడివైపు నా మాట. మొదటిసారి రాసుకెళ్లిన కాగితం ఇంకా నా దగ్గరుంది. ఫస్టియర్ అమ్మాయి. ఎడమవైపు తొమ్మిది లైన్లు, కుడివైపు ముప్పై ఒకటి. ఆయన ఏమీ అనకుండా లైన్లు లెక్కపెట్టారు. తర్వాత ఒకచోట పెన్సిల్ ఆనించారు. ఆ అమ్మాయి "హాస్టల్‌కి వెళ్లబుద్ధి కావట్లేదు మేడమ్" అంది. నేను "అలా అనకమ్మా, మీ నాన్నగారు ఎంత కష్టపడి ఫీజు కడుతున్నారో నీకు తెలుసు కదా" అన్నాను.

"ఇక్కడ ఆ పిల్ల మాట్లాడటం ఆపేసింది, చూడండమ్మా" అన్నారాయన.

చూశాను. ఆ తర్వాత ఎడమవైపున్నవన్నీ "అవును మేడమ్", "సరే మేడమ్", "అలాగే మేడమ్". పదిహేనేళ్లు పాఠం చెప్పినదాన్ని. చెప్పడం తప్ప వినడం రాదని నాకు ఆ కాగితమే చూపించింది. వెళ్లబుద్ధి కాకపోవడానికి కారణమేమిటో నేను అడగనే లేదు. అంతకు ముందు రెండేళ్లు సహానుభూతి గురించి పేజీలకు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను.

అందుకే ఏ కోర్సు గురించి అడిగినా నేను మొదట చూసేది ఒక్కటే. మన పక్కన కూర్చుని మన కాగితం దిద్దే మనిషి ఆ కోర్సులో ఉన్నారా?

రెగ్యులర్ ఎం.ఏ. లేదా ఎమ్మెస్సీ సైకాలజీలో ఉంటారు. క్లాసులో ఒకరు కౌన్సెలర్‌గా, ఒకరు సమస్యతో వచ్చినవాళ్లుగా కూర్చుని మాట్లాడుతుంటే అధ్యాపకులు, తోటివాళ్లు చూసి చెబుతారు. ఆసుపత్రికో, స్కూలుకో పంపిస్తారు. రెండేళ్లు అదే లోకం. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల వయసులో ఉండి, ఇంటి బాధ్యతలు లేనివాళ్లకు నేను ఇంకో మాట లేకుండా ఇదే చెబుతాను. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగాలున్నాయి. పేరున్నవి. కానీ నలభై దగ్గరపడ్డ టీచరమ్మ గుంటూరులో పిల్లల్ని వదిలి రెండేళ్లు విశాఖలో హాస్టల్లో ఉండగలదా? రెండేళ్ల జీతం పోతుంది, కొన్నిచోట్ల ఉద్యోగమే పోతుంది. దగ్గర్లో ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో సీటు దొరికినా, పగలంతా క్లాసులున్నప్పుడు ఉద్యోగంతో కుదరదు. హాజరు మేం చూసుకుంటాం, మీరు పరీక్షలకు వస్తే చాలు అని ఎవరైనా అంటే, మీరు పోగొట్టుకుంటున్నది సరిగ్గా ఆ కోర్సులో ఉన్న మేలునే.

ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ గురించి మనవాళ్లు అంతగా ఆలోచించరు. నాకు మాత్రం దానిమీద గౌరవం ఎక్కువ. సోషల్ వర్క్ చదువులో మొదటి సెమిస్టర్ నుంచే ఫీల్డ్‌వర్క్ ఉంటుంది, సాధారణంగా వారానికి రెండు రోజులు. వెళ్లొచ్చి రిపోర్టు రాయాలి, సూపర్‌వైజర్ ముందు కూర్చుని మాట్లాడాలి. నాకు దారి చూపిన పెద్దాయన చదివిందీ అదే. మన రెండు ఊళ్ల మధ్య నాగార్జున యూనివర్సిటీలోనే సోషల్ వర్క్ ఉంది. సుప్రీంకోర్టు చెప్పిన జాబితాలో సోషల్ వర్కర్ కూడా ఉన్నారు కదా. ఇళ్లల్లో తగాదాలు, తాగుడు, అప్పులు, ఇలాంటి వాటి మధ్య నలిగే పిల్లల్ని అర్థం చేసుకోవడంలో వాళ్లకున్న చూపు వేరు. నేను చెప్పేది రెగ్యులర్ కోర్సు గురించి, దానికీ ఉద్యోగం మానాల్సిందే. కాకపోతే గుంటూరులోనో విజయవాడలోనో ఇంట్లోంచే వెళ్లిరావచ్చు. ఇల్లు మారక్కర్లేదు.

మా చెల్లికి నేను చెప్పింది ఈ రెండూ కాదు. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా చూడమన్నాను. అది పీజీ డిగ్రీ కాదు, ఏడాది డిప్లొమా. టీచర్ల కోసం, స్కూళ్లు నడిపేవాళ్ల కోసం పెట్టింది. మొదటి ఆరు నెలలు ఇంటి దగ్గరే చదువుకోవాలి. తర్వాత మూడు నెలలు వాళ్ల కేంద్రంలో ఉండి ముఖాముఖి శిక్షణ. మన రాష్ట్రానికి మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థ. చివరి మూడు నెలలు సొంత ఊళ్లో ఇంటర్న్‌షిప్. తను చేస్తున్న పనికీ ఈ చదువుకీ నేరుగా సంబంధం ఉంది. మొత్తం ఏడాదిలో ఇల్లు వదిలేది మూడు నెలలే. ఆ మూడు నెలల్లో కాగితం దిద్దే మనుషులు పక్కనే ఉంటారు. పన్నెండేళ్లుగా పిల్లల మధ్య ఉన్న మనిషికి రెండేళ్ల దూరవిద్య కంటే ఈ మూడు నెలలు ఎక్కువ ఇస్తాయని నా నమ్మకం. దూరవిద్య ఇంకా ఉండి ఉన్నా ఇదే చెప్పేదాన్ని.

ఇందులో లోటు కూడా చెప్పాను. రేపు సైకాలజిస్టు ఉద్యోగానికో, జూనియర్ కాలేజీలోనో పీజీ అడిగితే ఈ డిప్లొమా ఒక్కటే చాలకపోవచ్చు. స్కూలు దాటి ఆసుపత్రి వైపు వెళ్లాలనుకునేవాళ్లు దీన్ని నమ్ముకోకూడదు. ఇంకో సంగతి, పైన చెప్పిన ఏ కోర్సు చేసినా మనం క్లినికల్ సైకాలజిస్టులం అయిపోము. ఆ పేరు పెట్టుకోవాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, వాళ్ల రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. విజిటింగ్ కార్డు కొట్టించుకునే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

వారాంతపు సర్టిఫికెట్ కోర్సుల గురించి ఎక్కువ చెప్పను. రెండు నెలల్లో కౌన్సెలర్‌ని చేస్తామనే వాటిలో చేరి నాకు తెలిసినవాళ్లెవరైనా బాగుపడింది నేను చూడలేదు. పైన చెప్పినవాటిలో ఒకటి చదివి, అదనంగా ఇది చేస్తే మంచిదే. నా భయమల్లా ఒకటుంది. ఒక పిల్ల వచ్చి తనమీద లైంగిక వేధింపు జరిగిందని చెబితే, అది మన ఇద్దరి మధ్యే ఉంటుందని మాటివ్వడానికి లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయాల్సిందే, చెప్పకపోతే మనకే శిక్ష. గోప్యత ఎక్కడివరకు, ఎక్కడ దాటాలి, ఆ మాట పిల్లకు మొదటే ఎలా చెప్పాలి, ఇవి రెండు శనివారాల్లో వచ్చే విషయాలు కావు. ఎవరైనా చచ్చిపోవాలనుందని చెబితే మనం ఎంతవరకు మాట్లాడాలి, ఎప్పుడు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాలి, ఇవీ అంతే. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో, మంగళగిరి ఎయిమ్స్‌లో సైకియాట్రీ విభాగాలున్నాయి, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది. ఇవి తెలిసి ఉండటం కూడా చదువులో భాగమే.

ఏ కోర్సులో చేరినా అందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది, భాష. పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లో. యాంగ్జయిటీ, డిప్రెషన్ అని చదువుకుంటాం. మన ఎదురుగా కూర్చున్న పిల్ల అలా అనదు. "గుండెల్లో గుబులుగా ఉంది మేడమ్" అంటుంది. హాస్టల్లో చేరిన మొదటి నెలలో తినకపోతే వాళ్లమ్మ "బెంగ పెట్టుకుందండీ" అంటుంది. బెంగ వేరు, దిగులు వేరు. బెంగకి ఒక మనిషో ఊరో ఉంటుంది, అమ్మని చూస్తే సగం తీరుతుంది. దిగులుకి అలాంటిది ఉండకపోవచ్చు, ఇంటికెళ్లినా దిగులుగానే ఉండొచ్చు. అబ్బాయిలు మనసు సంగతి అస్సలు చెప్పరు, "తలనొప్పి మేడమ్", "టెన్షన్‌గా ఉంది" అంటారు. ఆ టెన్షన్ అనే ఒక్క మాటలో పరీక్ష భయం ఉండొచ్చు, ఇంట్లో నాన్న కోపం ఉండొచ్చు, ప్రేమ వ్యవహారం ఉండొచ్చు. "టెన్షన్ అంటే ఎలా ఉంటుంది నాన్నా, కొంచెం చెప్పు" అని అడిగి ఊరుకుంటే, నెమ్మదిగా అసలు మాట వస్తుంది. ఈ తెలుగు ఏ సిలబస్‌లోనూ లేదు. ఇన్నేళ్లు క్లాసులో ఉన్న టీచర్లకు ఇందులో సగం ముందే తెలుసు. వయసైపోయింది, ఇప్పుడేం చదువుతాంలే అనుకునే టీచర్లకు ఈ సంగతి తప్పకుండా చెబుతుంటాను.

మా చెల్లి అప్లికేషన్ ఇంకా పెట్టలేదు. స్కూలు యాజమాన్యం జీతం లేని సెలవు ఇస్తామంది. మైసూరులో ఉండే మూడు నెలలూ మామగారిని ఎవరు చూసుకోవాలన్నది తేలాలి. మొన్న రాత్రి మళ్లీ ఫోన్ చేసింది. "అక్కా, ఆ నిలువు గీత కాగితం ఇప్పటినుంచే రాయొచ్చా? నిన్న ఒక ఎనిమిదో తరగతి బాబు నాతో చాలాసేపు మాట్లాడాడు."

"రాయి. పేరు వద్దు, క్లాసు కూడా వద్దు."

"రాసి నీకు వాట్సాప్‌లో పంపనా?"

"వద్దే, పిల్లాడి మాట ఫోన్లలో తిరగకూడదు. దాచిపెట్టు. ఆదివారం నేనే గుంటూరు వస్తాను, కూర్చుని చూద్దాం."