పాత వాల్వు ట్రాన్స్‌మిటరా, కొత్త సాలిడ్ స్టేటా?

హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులతో పిడుగులు పడి కరెంటు పోయినప్పుడు, రేడియో కేంద్రంలో ప్రధాన ట్రాన్స్‌మిటర్ (ప్రసార యంత్రం) మొరాయిస్తే ఆదుకోవడానికి రెండోది ఉండాలి. మూలన పడ్డ వాల్వు (గాలి తీసేసిన గొట్టాలతో నడిచే) యంత్రాన్ని బాగుచేయాలా, చిన్న సాలిడ్ స్టేట్ (ట్రాన్సిస్టర్లతో నడిచే) యంత్రం కొనాలా? మాస్టు (ఏరియల్ స్తంభం) ఎలాగూ ఉన్నదే. నగరంలో ఆకాశవాణి 738 కిలోహెర్ట్జ్‌కు మాస్టు ఎత్తుగా మామూలుగా లెక్కేసే పావు తరంగదైర్ఘ్యమే సుమారు 100 మీటర్లు. రెండో మాస్టు కట్టే మాట ఎవరూ ఎత్తరు.

పిడుగుపాటుతో వచ్చే కరెంటు పోటును వాల్వు చాలావరకు తట్టుకుంటుంది, ట్రాన్సిస్టర్ క్షణంలో మాడిపోతుంది. వాల్వుకున్న గొప్ప బలం ఇదే. అయితే ఏళ్ల తరబడి పడి ఉన్న వాల్వులో శూన్యత చెడుతుంది. ముందు ఫిలమెంటు (లోపల వేడెక్కే తీగ) మాత్రమే గంటల తరబడి వేడి చేసి, ఆ తర్వాతే హై వోల్టేజీని మెల్లగా పెంచాలి. ఎండిన కెపాసిటర్లు (విద్యుత్తును నిల్వ ఉంచే భాగాలు) మార్చక తప్పదు. స్విచ్ ఆపేశాక కూడా కెపాసిటర్లలో వేల వోల్టులు నిలిచే ఉంటాయి. ఆ విద్యుత్తును భూమిలోకి దించే ఎర్తింగ్ కర్ర తాకించనిదే లోపల చెయ్యి పెట్టకూడదు. ఈ పని ఒంటరిగా ఎవరికీ అప్పగించకండి, ప్రాణం పోతుంది.

సాలిడ్ స్టేట్ యంత్రం క్షణాల్లో ప్రసారం మొదలుపెడుతుంది. అందులోని విడి విడి పవర్ భాగాల్లో (మాడ్యూళ్లలో) ఒకటి పోతే పవర్ తగ్గుతుందంతే, ప్రసారం ఆగదు. కరెంటు తక్కువ తింటుంది కాబట్టి జనరేటర్ మీద ఎక్కువసేపు నిలుస్తుంది. సర్జ్ (కరెంటు పోటు) రక్షణకు, మంచి ఎర్తింగ్‌కు మాత్రం ఖర్చు పెట్టాలి.

నా ఓటు సాలిడ్ స్టేట్‌కే. విడి వాల్వులు చేతిలో ఉండి, ఆ యంత్రం ఎరిగిన ఇంజినీరు ఇంకా దొరికితే పాతదాన్నీ బతికించాలి, డమ్మీ లోడ్ (మాస్టుకు బదులు పవర్‌ను వేడిగా మార్చే పరికరం) మీద నెలనెలా నడపాలి.