ఎన్‌పీటెల్‌లో పైథాన్ కోర్సు: నా అనుభవం

మాది చిత్తూరు గ్రీమ్స్‌పేట. బడిలో లెక్కలు చెబుతాను. నాలుగేళ్ల క్రితం ఒక యాప్‌లో కోర్సుకి 9 వేలు కట్టాను. రంగురంగుల బొమ్మలు, బ్యాడ్జీలు అన్నీ ఉన్నాయి, డౌట్ అడిగితే చెప్పే మనిషే లేడు. మూడో వారానికే వదిలేశాను. ఆ డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

పోయినేడు ఎన్‌పీటెల్‌లో, అంటే ఐఐటీల వంటి సంస్థలు కలిసి నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో, ఐఐటీ రోపర్ వాళ్ల 12 వారాల పైథాన్ కోర్సులో చేరాను. పైథాన్ అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే భాష. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఒకప్పుడు కంప్యూటర్‌లో ఫ్లాష్ ప్లేయర్ అనే సాఫ్ట్‌వేర్ లేకపోతే చాలా వీడియోలు తెరుచుకునేవే కావు. 2020తో దాని కథ ముగిసింది. ఇప్పుడు ఫోన్ బ్రౌజర్ చాలు. మా వీధిలో సాయంత్రం నెట్ నెమ్మదిస్తే బొమ్మ కాస్త మసకబారుతుంది, పాఠం మాత్రం ఆగదు.

అయినా నన్ను నిలబెట్టింది వీడియో కాదు, వారం వారం గడువు. అసైన్‌మెంట్లకి 25 మార్కులు, పరీక్షకి 75. పన్నెండింటిలో బాగా చేసిన 8 అసైన్‌మెంట్లనే లెక్కలోకి తీసుకుంటారు. అమ్మకి ఒంట్లో బాగాలేక రెండు వారాలు ఏమీ పంపలేకపోయాను, అయినా వెనకబడిపోలేదు. ఇంటి బాధ్యతలున్న మనిషిని గుర్తుపెట్టుకుని పెట్టిన నియమంలా అనిపించింది. డౌట్ రాస్తే జవాబు కూడా వచ్చింది.

చేరేవాళ్లు పరీక్ష ఫీజు ముందే కట్టేయండి. కట్టాకే నాకు పట్టుదల పెరిగింది. తిరుపతిలో పరీక్ష రాసి, సాయంత్రం బస్సులో వస్తూనే తర్వాతి కోర్సు వెతుక్కున్నాను.