అమ్మ ఉంటున్న కేర్ హోమ్: కొన్నేళ్లు చూశాక నా సమీక్ష

పక్షవాతం వచ్చాక అమ్మకు కుడి చెయ్యి, కుడి కాలు పనిచేయడం మానేశాయి. పక్కకు తిప్పాలన్నా ఇద్దరు మనుషులు కావాలి. ఇంట్లో చూసుకోవడం కుదరక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో చేర్చాం. కొన్నేళ్లుగా అక్కడే ఉంటోంది. మధ్యలో యాజమాన్యం మారింది, స్టాఫ్ మారారు, నేను గట్టిగా గొడవపడ్డ సందర్భాలూ ఉన్నాయి. ఇలాంటి చోటు కోసం వెతుకుతున్నవాళ్లు "అక్కడ బాగుంటుందా?" అని అడుగుతుంటారు. బిల్డింగ్ బాగుంటుంది, గదులు శుభ్రంగా ఉంటాయి. అమ్మ బాగోగులు మాత్రం ఆ షిఫ్టులో ఏ ఆయా ఉందన్న దాన్ని బట్టే ఉంటాయి.

చేరిన కొత్తలో అమ్మను చూసుకున్న ఆయా చాలా అనుభవం ఉన్న మనిషి. ఒకసారి నేను పక్కనే ఉండగా అమ్మ మడమ మీద ఎర్రగా ఉన్నచోట వేలితో కాసేపు నొక్కి వదిలింది. మామూలు ఎరుపైతే నొక్కినచోట తెల్లబడి మళ్లీ ఎర్రబడుతుంది. ఇది తెల్లబడలేదు. బెడ్‌సోర్, అంటే ఒకేచోట ఒత్తిడి పడి వచ్చే పుండు, మొదలయ్యేది ఇలాగే. దానికి నాలుగు దశలు ఉంటాయి, చివరి దశకు వచ్చేసరికి పుండు కండరం, ఎముక దాకా పోతుంది. ఆమె వెంటనే పిక్క కింద దిండు పెట్టి, మడమ పరుపుకు తగలకుండా చేసి, నర్సును పిలిచి ఫైల్లో రాయించింది. కొన్నాళ్లకు తగ్గిపోయింది. నాకు అప్పటిదాకా ఇవేవీ తెలియవు. ఇప్పుడు వెళ్లినప్పుడల్లా మడమలు, నడుము కింది భాగం, తుంటి ఎముకలు నేనే చూస్తాను. ఒంటి రంగు ముదురుగా ఉంటే ఎరుపు కనబడకపోవచ్చు. అలాంటప్పుడు చుట్టుపక్కల చర్మం కన్నా అక్కడ వేడిగానో గట్టిగానో ఉందేమో చేత్తో తాకి చూడాలి.

యాజమాన్యం మారాక ఆ ఆయా మానేసింది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా కొత్త ముఖాలే. ఒకరోజు అమ్మ మంచం పక్కనున్న కాలింగ్ బెల్ తీగను కుడివైపు రెయిలింగ్‌కు కట్టి ఉంచారు. అమ్మకు పనిచేసేది ఎడమ చెయ్యి! ఎంతసేపు పిలిచిందో, ఎవరూ రాక ఎంత తడిలో పడుకుందో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. కట్టిన అమ్మాయి చెడ్డది కాదు. ఆమెకు అమ్మ గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే.

కాగితాల సంగతీ చెప్పాలి. మంచంలో ఉన్నవాళ్లను సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పి, చార్టులో టిక్కు పెట్టాలి. నేను మూడింటికి వెళ్లిన రోజు నాలుగింటి గడిలో, ఆరింటి గడిలో అప్పటికే టిక్కులు ఉన్నాయి. ఫొటో తీసి మేనేజర్‌కు చూపించాను. అప్పటినుంచీ చార్టును కాదు, బరువును నమ్ముతున్నాను. నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం బరువు తగ్గితే దాన్ని సీరియస్‌గా తీసుకోవాలి. అంటే 50 కిలోల మనిషి ఒక్క నెలలో రెండున్నర కిలోలు తగ్గడమన్నమాట. అమ్మ అలాగే తగ్గింది. "వయసు కదండీ" అన్నారు. భోజనం వేళకు వెళ్లి కూర్చుంటే అసలు కారణం తెలిసింది. కట్టుడు పళ్లు పెట్టకుండానే, సగం పడుకోబెట్టి, నిలబడి గబగబా తినిపిస్తున్నారు. పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కష్టమవుతుంది. నిటారుగా కూర్చోబెట్టి తినిపించి, తర్వాత అరగంటైనా అలాగే ఉంచాలి. లేకపోతే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావచ్చు. మీరు ఏ హోమ్ చూడ్డానికి వెళ్లినా తినిపించే మనిషి కూర్చుని ఉందా, నిలబడి ఉందా అన్నది గమనించండి. నా దృష్టిలో అంతకు మించిన పరీక్ష లేదు.

మందుల విషయంలోనూ ఒకసారి చాలా టెన్షన్ పడ్డాం. అమ్మ ఉన్నట్టుండి రాత్రిళ్లు అరవడం, మమ్మల్నే గుర్తుపట్టకపోవడం మొదలైంది. మాకు చెప్పకుండానే యాంటీసైకోటిక్ మాత్ర (తీవ్రమైన మానసిక సమస్యలకు ఇచ్చేది) మొదలుపెట్టారు. పగలంతా మత్తుగా పడి ఉండేది. మూత్ర పరీక్ష చేయించమని పట్టుబట్టాం. ఇన్ఫెక్షన్ అని తేలింది. వృద్ధుల్లో అకస్మాత్తుగా వచ్చే అయోమయానికి ఇలాంటి ఇన్ఫెక్షన్ కారణం కావచ్చు. యాంటీబయాటిక్స్ పడ్డాక మనిషి మామూలైంది, ఆ మాత్ర ఆపించాం. అమ్మకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) లేదు, కానీ అదే హాల్లో ఉన్న చాలామందికి ఉంది. డిమెన్షియా ఉన్న వృద్ధులకు కొత్త తరం యాంటీసైకోటిక్ మందులతో మరణ ప్రమాదం పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. మీవాళ్లకు ఏ మాత్ర ఎందుకు ఇస్తున్నారో నెలకోసారైనా లిస్టు అడిగి చూడండి. అడిగితే విసుక్కునే చోట ఉంచకండి.

డాక్టర్ విజిట్లు సమయానికే జరుగుతాయి. ఫిజియోథెరపీ పేరుకే. వాసన గురించి అందరూ అడుగుతారు. ఒక గది దగ్గర కాసేపు రావడం సహజం. ఎప్పుడు వెళ్లినా, ఏ మూలకు వెళ్లినా మూత్రం వాసన వస్తుంటే డైపర్లు వేళకు మార్చడం లేదనే అర్థం.

వేరే చోటికి మార్చేద్దామని చాలా హోమ్‌లు తిరిగాం. రాత్రిపూట ఒక్కో ఆయాకు ఎంతమంది, ఏడాదికి పైగా పనిచేస్తున్నవాళ్లు ఎంతమంది అని అడిగితే ఎక్కువ చోట్ల సూటిగా జవాబు రాలేదు. ఈలోగా ఇక్కడ కొత్త నర్సింగ్ ఇన్‌చార్జ్ వచ్చింది. ఆయాలను రోజుకో వార్డుకు తిప్పడం ఆపి, ఒకే వార్డుకు కేటాయించింది. అమ్మ మంచం దగ్గర ఒక కాగితం అంటించింది: పనిచేసేది ఎడమ చెయ్యి, భోజనానికి ముందు కట్టుడు పళ్లు పెట్టాలి, ఎడమ చెవి వైపు మాట్లాడాలి. ఆ తర్వాత బరువు మెల్లగా పెరిగింది. అందుకే ఉండిపోయాం.

రాత్రి షిఫ్టు మాత్రం ఇంకా బాగుపడలేదు. ఫ్లోర్ మొత్తానికి ఒక్క ఆయా. అమ్మను తిప్పడానికి ఇద్దరు కావాలి కాబట్టి పై అంతస్తు నుంచి ఇంకొకరు దిగి వచ్చేదాకా ఆగాల్సిందే. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను, మనిషిని పెడతామన్నారు, ఇంకా పెట్టలేదు. తమంతట తాము లేచి తిరగగలిగే పెద్దవాళ్ల కోసమైతే ఈ హోమ్‌ను ధైర్యంగా చెబుతాను. మంచానికే పరిమితమైనవాళ్లను చేర్చేముందు మాత్రం రాత్రి రెండో మనిషి వచ్చిందో లేదో, పదింటి తర్వాత స్వయంగా వెళ్లి చూసుకోండి.