మాల్వేర్ విశ్లేషణ: ఇంట్లోంచి లైవ్ క్లాసా, అమీర్‌పేట క్లాస్‌రూమా?

మాల్వేర్ విశ్లేషణ అంటే హానికరమైన ప్రోగ్రామ్ ఏం చేస్తుందో విప్పి చూడటం. అసెంబ్లీ (ప్రాసెసర్ ఆదేశాలకు దగ్గరగా ఉండే కోడ్) ఎప్పుడూ చూడనివాళ్లకు అమీర్‌పేటే మేలు. ప్రోగ్రామ్‌ను ఒక్కో అడుగు నడిపి చూసే డీబగ్గర్‌లో బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాల్సిన చోటు) ఎక్కడ పెట్టాలో తోచక ఇరుక్కుంటే, సార్ పక్కకొచ్చి స్క్రీన్ చూసి చెప్తారు. మొదటి వారాల్లో ఆ సాయం చాలా విలువైనది. కానీ ల్యాబ్ అక్కడే ఉండిపోతుంది, రాత్రి ఇంట్లో సాధన సాగదు.

లైవ్ క్లాస్‌లో ల్యాబ్ మీరే కట్టుకోవాలి. నిజానికి సగం చదువు అందులోనే ఉంది. 16 జీబీ ర్యామ్, 150 జీబీ ఖాళీ ఎస్‌ఎస్‌డీ ఉంటే ఇబ్బంది ఉండదు. ల్యాప్‌టాప్ లోపలే నడిచే రెండు వర్చువల్ మెషీన్లు కావాలి: ఫ్లేర్-వీఎం (విశ్లేషణ టూల్స్ సెట్) ఎక్కించిన విండోస్ ఒకటి, రెమ్‌నక్స్ (ఇదే పనికి చేసిన లినక్స్) ఒకటి. రెండూ ఇంటర్నెట్‌కు దారి లేని హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్‌లోనే ఉండాలి. విండోస్ గేట్‌వే (బయటికి వెళ్లే దారి), డీఎన్‌ఎస్ (సైట్ పేరుకు ఐపీ అడ్రస్ చెప్పే సర్వర్) రెండిటికీ రెమ్‌నక్స్ ఐపీ ఇవ్వండి. షేర్డ్ ఫోల్డర్, క్లిప్‌బోర్డ్ ఆపేసి స్నాప్‌షాట్ (మెషీన్‌ను మళ్లీ వెనక్కి తెచ్చుకునే కాపీ) తీశాకే శాంపిల్, అంటే పరిశీలించే మాల్వేర్ ఫైల్, ముట్టుకోండి.

ఎక్కువమంది దెబ్బతినేది రెమ్‌నక్స్‌లో ఇంటర్నెట్ ఉన్నట్టు నటించే ఐనెట్‌సిమ్ ఆన్ చేయడం మరిచిపోయి. డీఎన్‌ఎస్ జవాబు రాక చాలా శాంపిళ్లు కదలకుండా కూర్చుంటాయి. ఫైల్ పాడైందని పారేస్తారు. ఇంకొందరు శాంపిల్ ఉన్న జిప్‌ను అసలు ల్యాప్‌టాప్‌లోనే విప్పుతారు, విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ దాన్ని వెంటనే తీసేస్తుంది. అది తీసేయకపోతే ఇంకా ప్రమాదం.

టైమింగ్ కూడా చూసుకోండి. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 9కి మొదలయ్యే క్లాస్ మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. రోజంతా క్లాసైతే అర్ధరాత్రి దాటుతుంది, మర్నాడు హైటెక్ సిటీ ఆఫీసు తప్పదు. ఉద్యోగం చేసేవాళ్లు మన టైమింగ్‌లో నడిచే లైవ్ బ్యాచ్ వెతుక్కోవడమే నయం. ఫీజు కట్టేముందు రికార్డింగులు ఎన్నాళ్లు ఉంచుతారో, డౌట్ వస్తే మీ స్క్రీన్ చూస్తారో లేదో అడగండి.